కయీనుకు పిల్లనిచ్చినవాళ్ళు

జీవరత్నం చేతిలోంచి సండే స్కూలు పోయింది. డిగ్రీ అయిన దగ్గర్నుంచీ పటమట చర్చిలో ఆ క్లాసు ఆమెదే. పెళ్ళి వద్దనుకున్న మనిషికి ఆదివారమంటే ఆ పిల్లలే.

జరిగింది చిన్నదే. ఆదాము కొడుకు కయీను తమ్ముణ్ణి చంపి దేశాలు పట్టిపోయిన పాఠంలో, కయీను భార్య ఎవరింటి పిల్ల టీచర్ అని ఒక అమ్మాయి అడిగింది. "మా కిందివాటాలో ఉండే ముందటమ్మగారి చెల్లెలు" అంది జీవరత్నం, ఉన్నమాటేగా అని.

ముందటమ్మ ఆదాముకన్నా ముందటి మనిషి. బుడమేరు పొంగిన ఏడు, నీళ్ళు తీశాక అద్దెకు దిగింది. సొంత పేరు లేదు, పేర్లు పెట్టిన ఆదాము ఆమె తర్వాత పుట్టాడు. నడివేసవిలోనూ ఆమె నడిచినచోట తడి ఒండ్రు పడేది. పక్కింటివాళ్ళు దాన్ని ఎత్తుకెళ్ళి కుండీల్లో వేసుకునేవాళ్ళు. మోటారు ఎక్కువసేపు వేస్తుందన్న గొడవ తప్ప ఆమెతో ఎవరికీ పేచీ లేదు.

శనివారం పాస్టరుగారు వచ్చారు. ముందటమ్మ వరండాలో రొయ్యలు ఒలుస్తోంది.

"రత్నమ్మగారూ, రేపు సంఘం ముందు తప్పైందని ఒక్క మాట అనండి. క్లాసు మళ్ళీ మీదే."

"ఏం తప్పండీ? ఈవిడ లేరంటారా?"

"ఎవరు కాదన్నారు? వందనాలమ్మా. కానీ బైబిలు వాక్యంలో లేరు కదండీ. పిల్లలకెందుకు చెప్పడం?"

ముందటమ్మ రొయ్య తల తుంచి పడేసింది. "కయీను ఉన్నాడా నాయనా, వాక్యంలో?"

"ఉన్నాడమ్మా."

"వాణ్ణి చూసి కుక్కలు కూడా పక్కకి పోయినయ్. మేం ముందు కూడు పెట్టాం. ఏం చేసొచ్చావని తర్వాత అడిగాం. చెప్పాడు. అయినా మా చెల్లెల్నిచ్చాం."

"హంతకుడికా?"

"నువ్వైతే గడప తొక్కనిచ్చేవాడివి కాదులే. భార్య అని రాసుకున్నారుగానీ, ఎవరింటి పిల్లో రాయలేదు మీవాళ్ళు."

పాస్టరుగారు టీ తాగి వెళ్ళిపోయారు.

తప్పైందని చెప్పేద్దామనే జీవరత్నం ఆదివారం చర్చికి వెళ్ళింది. ఒక్క మాటకోసం పిల్లల్ని వదులుకోవడం దండగ. ముసుగు సర్దుకుని సంఘం ముందు నిలబడింది. అప్పుడే, ఎన్నడూ చర్చికి రాని ముందటమ్మ వచ్చింది. ఆడవాళ్ళ చాప మీద శౌరమ్మ జరిగి, "ఇటు రండి పిన్నిగారూ" అంది. ముందటమ్మ వీపు నిటారుగా పెట్టి కూర్చుంది, పెళ్ళికూతురి తరఫు పెద్ద కూర్చున్నట్టు.

"కయీను భార్య ఈవిడ చెల్లెలండీ" అంది జీవరత్నం. "ఎవరూ రానివ్వనివాణ్ణి వీళ్ళు చేరదీశారు. నేను చెప్పింది సరిగ్గానే చెప్పాను."

క్లాసు శౌరమ్మ కోడలికిచ్చారు. ఏటా క్రిస్మస్ ముందు పాస్టరుగారు వచ్చి, ఒక్క మాటేగా అంటారు. జీవరత్నం కుర్చీ వేస్తుంది, టీ ఇస్తుంది. ఆ మాట మాత్రం ఇంతవరకూ అనలేదు.