వకుళ దాటేసిన వాక్యం

డెబ్బై ఒకటి డిసెంబరులో, యుద్ధం మొదలైన రోజే తిరుపతిలో పెరుందేవమ్మ కాఫీ మానేసింది. చిన్నకొడుకు యతిరాజులు సైన్యంలో వంతెనలు వేసే దళంలో ఉన్నాడు. వాడి చేతిరాత చూసేదాకా కాఫీ ముట్టనని స్వామికి మొక్కుకుంది. మొక్కు ఆమెది, తలనొప్పి ఇంటిల్లిపాదిదీ.

మడిలో వంట చేస్తూ ఆమె పేపరు ముట్టుకోదు. కోడలు వకుళాదేవి గడప ఇవతల నిలబడి చదవాలి. నాలుగో రోజు వార్త తూర్పున ఏదో నది మీది వంతెన గురించి. "వంతెన మన వశం, శత్రువు పరుగో పరుగు" అంది తెలుగు పేపరు.

"పరిగెత్తేది ఈ పేపరోళ్లు యాడ నిలబడి చూసినారంట?" అంది అత్తగారు పప్పు మెదుపుతూ.

పక్కింటి నిర్మలమ్మ గోడ మీదుగా తొంగిచూసింది. వాళ్లాయన రేడియోలో శత్రువుల స్టేషను కూడా తిప్పుతాడు. "వాళ్లు ఓడిపోలేదంట పెద్దమ్మా. కావాలనే వంతెన వదిలిపెట్టి ఎనక్కి జరిగినారంట."

"అంత ధర్మాత్ములా!"

ఇక మద్రాసు నుంచి వచ్చే ఇంగ్లీషు పేపరు. వకుళ తెలుగు చేసి చెప్పింది. మనవాళ్లు మొదటి రోజు దాటలేకపోయారు, రెండో రోజు దాటారు. తర్వాతి వాక్యం చూసి, గబుక్కున వానల కబురులోకి దూకింది.

పెరుందేవమ్మ చేతిలో గరిటె ఆగింది. గుడిలో తండ్రి పాశురాలు చదువుతుంటే విని పెరిగిన చెవి అది. ఒక్క పాదం జారినా పట్టేస్తుంది.

"ఏందో దాటేసినావు. చదువు."

"మనవైపు కొంత నష్టం... అని ఉందత్తా."

"కొంత అంటే ఎంత?"

అది ఏ పేపరూ చెప్పలేదు. ఆ పూట పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది.

తొమ్మిదో రోజు కార్డు వచ్చింది. పెరుందేవమ్మ మడి మాటే మరిచి పోస్ట్‌మ్యాన్ చేతిలోంచి లాక్కుంది. కోడి కెలికినట్టున్న అక్షరాలు చూసి ఆమె మొహం పాలిపోయింది.

"ఇది వాడి రాత కాదే!"

వకుళ అందుకుని చదివింది. "అమ్మా, ఎడమచేత్తో రాస్తున్నాను. వంతెనకు చెక్కలు మోస్తుంటే మా స్నేహితుడే ఒకటి నా కుడిచేతి మీద పడేసినాడు. రెండు వేళ్లకు కట్టు కట్టినారు. ఈడ చలి తప్ప వేరే విశేషం లేదు."

"ఈసారి ఏమీ దాటెయ్యలేదు కదా?"

"ఒట్టు అత్తా."

పెరుందేవమ్మ కార్డును కళ్లకద్దుకుంది. "ఎడమచెయ్యి మాత్రం వాడిది కాదా ఏమి? కాఫీ కలుపు."

గ్లాసు పట్టుకుని నేరుగా గోడ దగ్గరికి నడిచింది. "నిర్మలమ్మా! మావాడు చేతికి గాయమైనా లెక్కచెయ్యకుండా వంతెన వేసి, దండునంతా దాటించినాడంట!"

"అత్తా, ఆ చెక్క సంగతి దాటేసినారే?" అంది వకుళ మెల్లగా.

"గమ్మునుండవే. నువ్వు దాటెయ్యలేదా?"