ముత్యం చెప్పిన మాఫీ

పొద్దున్నుంచి ముత్యానికి కాలు నిలవడం లేదు. ఖతార్‌లో, మన్సూరాలోని ఆ ఫ్లాట్ల బిల్డింగు మెట్లు ఎక్కుతాడు, దిగుతాడు, మూడో అంతస్తు బాల్కనీ అడుగుభాగం వైపు చూస్తాడు. అక్కడ సిమెంటు మెత్తింది తన చేతులే. పదిహేను రోజులైనా కాలేదు, నిన్న తట్టెడు పెచ్చు ఊడి కింది బాల్కనీలో బట్టలు ఆరేస్తున్న లూర్దమ్మ పక్కనే పడింది. ఆమె ఆ ఇంట్లో పనిచేసే కడప మనిషి. "జానెడు ఇటు పడుంటే నా తలకాయ పగిలేది నాయనా" అన్న ఆమె మాట చెవిలో మోగుతూనే ఉంది.

తుప్పు పట్టిన ఇనుప చువ్వలను గీకి, తుప్పు ఆపే రంగు పూసి, ఆ తర్వాతే సిమెంటు మెత్తాలి. రంగు రాలేదని ముత్యం ఆనాడే మొత్తుకున్నాడు. కరీంనగర్ నుంచి దిగి నెలైనా కాని ఇంజనీరు ఫసీయుద్దీన్ వింటేనా? "వరల్డ్ కప్‌కు సిటీ అంత మెరవాలె. మెత్తు, యల్లా!" అన్నాడు. అరబ్బీలో ఆ మహానుభావుడికి వచ్చింది, త్వరగా కానివ్వమనే ఆ ఒక్క ముక్కే.

ఇప్పుడు ఫ్లాట్ల ఓనర్లు తనిఖీకి ఒక ఖతారీ ఇంజనీరును పిలిపించారు. ఫసీయుద్దీన్ ఎన్నడూ లేనిది ముత్యం భుజం మీద చెయ్యి వేశాడు.

"ఓనర్లకు నీ చేతి తప్పని చెప్పిన. ఏమడిగినా చేతులు కట్టుకొని 'మాఫీ' అను. పెద్దమనిషి, మాఫ్ చేస్తడు."

"చెయ్యకుంటే సార్?"

"ఇంటికి పంపుతరు. గంతే గద."

గంతేనట! ముత్యానికి ఒళ్లు మండింది. తొమ్మిదేళ్లు పనిచేసి, ఎవడి తప్పో నెత్తినేసుకుని విమానం ఎక్కాలా?

ఖతారీ ఇంజనీరు ఊడిన పెచ్చును తిప్పి చూశాడు. బయటపడ్డ చువ్వ మీద వేలు రాస్తే ఎర్రగా తుప్పు అంటింది. "ఫీ సబగ్?" అని ముత్యాన్ని అడిగాడు. రంగు ఉందా అని.

క్యాంపులో నీళ్లు లేకున్నా, సెలవు లేకున్నా తొమ్మిదేళ్లుగా ముత్యం వింటున్నది ఒకటే మాట. ఊళ్లో రుణమాఫీ వేరు, ఇక్కడి మాఫీ వేరు. అతను బుద్ధిగా చేతులు కట్టుకున్నాడు.

"మాఫీ."

ఖతారీ ఆయన ఫసీయుద్దీన్ వైపు తిరిగి, ఇంజనీరూ అని పిలిచాడు. "ముహందిస్! మాఫీ సబగ్?"

"మాఫీ సార్, మాఫీ!" ఫసీయుద్దీన్ గుండె మీద చెయ్యి పెట్టుకుని మరీ వంగాడు. ఖతారీ ఆయన అతని పేరడిగి కాగితం మీద అరబ్బీలో నాలుగు వరుసలు రాసి ఇస్తే, ఫసీయుద్దీన్ సంబరంగా సంతకం గీకేశాడు.

"జూసినవా, మాఫ్ చేసిండు" అన్నాడు మెట్లు దిగుతూ.

"సార్, ఈడ మాఫీ అంటే లేదని. రంగు లేదని ఇద్దరం చెప్పినం. మీరు సంతకం గూడ పెట్టిన్రు."

ఫసీయుద్దీన్ మెట్టు మీదే కూలబడ్డాడు. ముత్యానికి నవ్వు రావాలి, రాలేదు. లూర్దమ్మ పనిచేసే రెండో అంతస్తు ఇంటి తలుపు కొట్టాడు.

"అక్కా, బట్టలు లోపట ఆరేసుకో. ఇంక పదకొండు బాల్కనీలున్నయ్. అవి గూడ నేనే మెత్తిన."