చిట్టీత

బియ్యం కడిగిన నీళ్ళు మొలకలకు, స్నానాల నీళ్ళు పెద్ద చెట్లకు. అరుణకుమారి ఇంట్లో పన్నెండేళ్ళుగా ఒక్క చుక్క కూడా కాలవలోకి పోలేదు. పెద్దారవీడు పక్కనున్న ఆ ఊళ్ళో మే నెల వచ్చిందంటే బోర్లు గాలి ఊదుతాయి. ట్యాంకరు దగ్గర పట్టుకున్న నాలుగు బిందెల్లో మూడు ఇంటికి, ఒకటి చెట్లకు. బకెట్టు నడుముకానించుకుని ఆమె పెరటి గడప దాటుతుంటే, మంచం మీంచి అత్త పాపమ్మ రోజూ అదే మాట అనేది. "కాయ లేదు, కల్లు లేదు. ఆ మట్టలకు పోసే నీళ్ళు రెండు బర్రెలకు పోసుంటే ఇల్లు బాగుపడేది." భర్త ధనుంజయ కసురుకునే రకం కాదు, నవ్వేవాడు. "పోనీలేమ్మా, దానికి మాత్రం ఇంకేం పనుంది?" అనేవాడు.

ఆ మాట అనేటప్పటికి ఆమె లేచి నాలుగు గంటలై ఉండేది. వాకిలి చిమ్మి, అత్తకు స్నానం చేయించి, రెండు పూటలకు వండి, మార్కాపురంలో అతని ఎరువుల దుకాణానికి క్యారియరు సర్ది, అతని చొక్కా ఇస్త్రీ చేసి, కనపడక అరుస్తున్న అతని బండి తాళం చెవి వెతికి చేతికిచ్చి ఉండేది. ఇంకేం పనుంది.

గిద్దలూరులో బీయస్సీ రెండో ఏడు చదువుతుండగా ఆమెకు పెళ్ళయింది. బోటనీ పుస్తకాలు ట్రంకు పెట్టెలో అత్తగారింటికి వచ్చి పెట్టె అడుగునే ఉండిపోయాయి. కొడుకు కిరణ్ హాస్టలుకు వెళ్ళిన ఏడు వాటిని మళ్ళీ తీసింది. దేశదేశాల తాటి, ఈత జాతుల చెట్లు పెంచేవాళ్ళ గ్రూపొకటి ఫోన్లో ఉందని తెలిసి అందులో చేరింది. అప్పటికి ఇంట్లో ఒకటే పెద్ద ఫోను, అది ధనుంజయది. అందుకని గ్రూపులో ఆమె పేరు ధనుంజయ. రాత్రి అతను భోంచేసేంతసేపూ ఫోను ఆమె చేతిలో ఉండేది. ఆ అరగంటలోనే ప్రశ్నలడిగేది, జవాబులు రాసుకునేది. పోస్టులో వచ్చే విత్తనాల పొట్లాల మీద కూడా అతని పేరే ఉండేది.

ఎండకు మాడే ఆ రాతి నేలలో ఏది బతుకుతుందో ఆమె ఒక్కొక్కటే చంపుకుంటూ నేర్చుకుంది. మడగాస్కర్ నుంచి వచ్చిన బిస్మార్క్ విత్తనం ముందు జానెడు లోతుకు వేరు దింపుతుంది, ఆకు పైకి వచ్చేది ఆ తర్వాతే. మామూలు కుండీలో పెడితే వేరు అడుగు తాకి కుళ్ళిపోతుంది. రెండు చచ్చాక, విరిగిన పైపు ముక్కల్లో ఇసుక నింపి మూడోది నాటింది. నాలుగు నెలలకు మొలిచింది. మొలకలప్పుడు ఈ జాతులన్నీ గడ్డిపోచల్లా ఒకటిగానే ఉంటాయి. రెండు మూడేళ్ళు పోతేగాని ఏది విసనకర్రలా విచ్చుకుంటుందో, ఏది ఈకలా చీలుతుందో తెలియదు. అందుకని మార్కాపురం పలకల ఫ్యాక్టరీ బయట పారేసిన ముక్కలు ఏరుకొచ్చి, మేకుతో పేరూ తేదీ గీకి మొదళ్ళలో పాతేది. వానకు చెరగవు, ఎండకు వెలిసిపోవు. మేకలు కాసే ఆదెమ్మ నల్లమల నుంచి చిట్టీత గింజలు కొంగున కట్టుకొచ్చి ఇచ్చింది. పన్నెండేళ్ళలో ముప్పై ఒక్క జాతులయ్యాయి. నీలంగా మెరిసే బిస్మార్క్‌లు, మాను రెండుగా చీలే ఆఫ్రికా డూమ్, బతుకులో ఒక్కసారే పూసి చచ్చిపోయే శ్రీతాళం.

మూడేళ్ళ కిందట ఆమె నాయన పోతే కంభం వెళ్ళి పదకొండు రోజులుండి వచ్చింది. వచ్చేసరికి పెరటి మొదట్లో, అన్నిటికంటే ముందు బతికిన ఏడేళ్ళ బిస్మార్క్ లేదు. అక్కడ సిమెంటు గచ్చు, దాని మీద రేకుల షెడ్డు, షెడ్డులో కొత్త కారు. నరికిన మట్టలు గోడ పక్కన ఇంకా నీలంగానే ఉన్నాయి.

"మళ్ళీ ఏసుకుందువులే," అన్నాడు ధనుంజయ. "నీకు పనేముంది?"

ఆమె ఏడిస్తే నాయన కోసమనుకున్నారు. ఆ గచ్చు మీద పోసిన నీళ్ళు ఇంకవు. రోజూ దాన్ని చుట్టి నడిచి మిగతా చెట్లకు పోసేది. నడిచిన ప్రతిసారీ ఆ ఏడేళ్ళనూ గుర్తు చేసుకునేది. మర్చిపోతానేమోనని ఆమె భయం.

కిందటేడు ఒక విలేకరి వచ్చాడు. పేపర్లో ధనుంజయ ఫోటో పడింది, చేత్తో డూమ్ మానును నిమురుతూ. "ఇది నా పదకొండేళ్ళ తపస్సు. పలకల మీద పేర్లన్నీ నా చేతిరాతే" అన్నాడని రాశారు. చివర ఆమె గురించీ ఒక వాక్యం ఉంది, నీళ్ళు పోయడంలో ఆయన సతీమణి సహకరిస్తారని. ఆ పేపరు తెచ్చి ధనుంజయ వీధంతా చూపించాడు. ఆమెకూ చూపించాడు. "నీ పేరు కూడా చెప్పినా, వాళ్ళే ఎయ్యలా" అన్నాడు. ఆమె చదివి, మడిచి, బియ్యం డబ్బా కింద దాచింది. అతను మురిసిపోయాడు.

ఆ తర్వాత హైదరాబాదు నుంచి ఉత్తరం వచ్చింది. అరుదైన చెట్లు కాపాడేవాళ్ళకు ఏటా సన్మానం చేసే సంఘమొకటి ఉందట. రిటైరైన బోటనీ ప్రొఫెసర్ జీవరత్నం గారు స్వయంగా వచ్చి తోట చూస్తారట. ధనుంజయకు మొదటిసారి భయం పట్టుకుంది. వారం రోజులు రాత్రి భోజనమయ్యాక ఆమెను కూర్చోబెట్టుకున్నాడు. "చెప్పు, ఏది ఏందో చెప్పు. ఆ మేడమ్ అడిగితే నేను తడుముకోకూడదు."

ఆమె చెప్పింది. ఎంతో ఓపికగా చెప్పింది. బిస్మార్క్ పది రోజుల్లో మొలుస్తుందని చెప్పింది. శ్రీతాళం ఏటా పూస్తుందని చెప్పింది. అతను బడిపిల్లాడిలా వల్లెవేస్తుంటే, తప్పుపోయిన చోట దిద్ది మళ్ళీ చెప్పించింది. ఇరవై నాలుగేళ్ళ కాపురంలో అతను తన మాట అంత శ్రద్ధగా వినడం అదే మొదలు. ఒక రాత్రి, "నీకు బాగానే గుర్తుందే" అని మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలుకు ఆమె మనసు ఒక్క క్షణం మెత్తబడింది. నిజం చెప్పేద్దామా అనుకుంది. లేచి కిటికీ మూయబోతే బయట సిమెంటు గచ్చు కనిపించింది. వచ్చి కూర్చుని తర్వాతి చెట్టు చెప్పింది.

వాళ్ళు రావడానికి ముందు రోజు ధనుంజయ శాలువా, పూలదండ కొనడానికి మార్కాపురం పోయాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆమె గునపం తీసుకుని ముప్పై ఒక్క పలకలూ పెకలించింది. ఒకదాని చోట ఒకటి పాతింది. చేతులు బొబ్బలెక్కాయి. ఆ బొబ్బల మంట కూడా ఆమెకు హాయిగా ఉంది.

మర్నాడు పదింటికి జీవరత్నం గారు వచ్చారు. తెల్ల చీర, నూలు టోపీ, మెడలో భూతద్దం. వెంట ఇద్దరు మనుషులు. ఊరి పెద్దలు, బంధువులు, ఆ పేపరు విలేకరి ముందే వచ్చి కూర్చున్నారు. ధనుంజయ ఇస్త్రీ చొక్కాలో ముందు నడిచాడు. అరుణకుమారి వంటింటి గుమ్మంలో టీ గ్లాసులు తుడుస్తూ నిలబడింది.

డూమ్ ముందు నిలబడి అతను బిస్మార్క్ అన్నాడు. పలక మీదా అదే ఉంది. జీవరత్నం గారు చీలిన మాను వైపు చూసి, ఇది మొలవడానికి ఎన్నాళ్ళు పట్టిందని అడిగారు. పది రోజులన్నాడు. ఆవిడ రాసుకోవడం ఆపారు. శ్రీతాళం ఏటా పూస్తుందన్నాడు. ఆవిడ కలం మూత పెట్టేశారు. అతను గమనించలేదు. గొంతు పెంచి, మోకాలెత్తు పొద ముందు ఆగి చెయ్యి చాచాడు.

"ఇది మాత్రం మేడమ్, ఆఫ్రికా నుంచి తెప్పించినా. మన దేశంలో ఇంకెక్కడా లేదు."

మేకలు తోలుకుంటూ కంచె పక్కన నిలబడి చూస్తున్న ఆదెమ్మ పెద్దగా అంది. "అది చిట్టీత గదా నాయనా. కొండకు పోతే కాలికి తగులుద్ది. మీ ఇంట్లో చీపుర్లన్నీ దాంతో కట్టినవే."

ముందు ఆడవాళ్ళు నవ్వారు. చీపురాకు గుర్తుపట్టని ఆడది ఆ ఊళ్ళో లేదు. పుట్టి యాభై ఏళ్ళయినా చీపురు ముట్టని మనిషికి అదెలా తెలుస్తుంది? తర్వాత మగవాళ్ళూ నవ్వారు. విలేకరి తలొంచుకుని నవ్వాడు.

ధనుంజయ వంగి పలక చూశాడు. పక్క చెట్టు పలక చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. గుమ్మం వైపు తిరిగాడు. "ఏందే ఇది? ఏం రాసినావు?"

ఆమె టీ గ్లాసుల పళ్ళెం కిందపెట్టి, అందరికీ వినపడేలా, నెమ్మదిగా అంది. "మీ చేతిరాతే అని పేపర్లో చెప్పినారు గదా. మీరే చదవండి."

ఎవరూ నవ్వలేదు. జీవరత్నం గారు టోపీ తీసి ఆమె దగ్గరికి వచ్చారు. "మీ పేరేంటమ్మా?" అని అడిగారు. తర్వాత ఇద్దరూ తోటంతా తిరిగారు. అరుణకుమారి ఒక్క పలక కూడా చూడకుండా ముప్పై ఒక్క చెట్లకూ పేరు చెప్పింది, ఏ నెలలో నాటిందో చెప్పింది, ఎన్ని చచ్చాక అది బతికిందో చెప్పింది. గచ్చు దగ్గర ఆగి, ఇక్కడ ఇంకొకటి ఉండేదని చెప్పింది. జీవరత్నం గారు దాన్నీ రాసుకున్నారు.

జనమంతా పోయాక ధనుంజయ తలుపు వేసి అరిచాడు. ఊళ్ళో తలెత్తుకోలేకుండా చేశావన్నాడు. పాపమ్మ మంచం మీంచి ఇల్లు నాశనం చేసిందని శాపనార్థాలు పెట్టింది. రేపే జేసీబీ పిలిపించి మొత్తం పీకిస్తానన్నాడు.

"పీకించండి," అంది అరుణకుమారి. "ఆ మేడమ్ చెట్టు చెట్టుకూ ఫోటో తీసి నా పేరు రాసుకుని పోయింది. దసరాకు విత్తనాల కోసం మళ్ళా వస్తాది. చెట్లు ఏమైనాయని అడిగితే జవాబు మీరే చెప్పుకోండి. ఆ విలేకరి కూడా అడుగుతాడు."

అతను కుర్చీలో కూలబడ్డాడు. ఆ రాత్రి ఎవరూ అన్నం తినలేదు. ఆమె తింది.

మర్నాడు పొద్దున ఎప్పటిలాగే అతని బీపీ మాత్ర, షుగరు మాత్ర తీసి, గ్లాసు నీళ్ళతో అతని ముందు పెట్టింది. ఆరేళ్ళుగా ఆమె ఇస్తోంది, అతను మింగుతున్నాడు. ఏది ఎందుకో, ఏ రంగుదో ఎన్నడూ చూడలేదు. ఆ రోజు మాత్రం అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. తల ఎత్తి ఆమె ముఖం చూశాడు. "ఇవి... నావేనా?" అన్నాడు, గొంతు తగ్గించి.

అవి అతనివే. అరుణకుమారికి తెలుసు. కానీ చెప్పలేదు.