సున్నాకి దిగిన గీత

కొత్త కోటు ఎడమ భుజం దగ్గర పట్టేస్తోంది. మెళ్ళో వేలాడుతున్న పేరు కార్డు సరిచేసుకుందామని డాక్టరుగారు చెయ్యి ఎత్తితే, కోటు మొత్తం చెవుల దాకా లేచి వచ్చింది.

"ఏరా రక్తం! రెండో పెళ్ళికి గానీ బయల్దేరావా ఏంటి?" అన్నాడు వెనక నుంచి కిడ్నీ.

ఆ హాలు నిండా పశువైద్యులే. అందులోనూ కత్తి పట్టేవాళ్ళు కాదు, నోరులేని జీవి ఒంటి లోపల ఏం జరుగుతోందో కూపీ లాగేవాళ్ళు. ఏడాదికోసారి మూడు రోజులు ఇలా ఒకచోట చేరతారు. ఒకరినొకరు పేర్లతో కాకుండా ఎవరు వైద్యం చేసే అవయవంతో వాళ్ళని పిలుచుకోవడం చదువుకునే రోజుల నుంచీ అలవాటు. ఈయన రక్తం. ఆయన కిడ్నీ. కాఫీ యంత్రం దగ్గర నిలబడి చక్కెర పొట్లంతో కుస్తీ పడుతున్న పొడుగాటావిడ లివరు.

"పెళ్ళి కోటే అనుకో. పేషంటు వాళ్ళు కుట్టిచ్చారు," అన్నాడు డాక్టరుగారు.

"కుక్కా, పిల్లీనా?"

"కుక్క. ఇవాళ నేను చెప్పబోయే కేసే."

ఆ కుక్క పేరు జడ్జి. దర్జీ కొట్టులో ఇస్త్రీ బల్ల కింద కూర్చుని, వచ్చిన ప్రతివాడి గొడవా తల ఓ పక్కకి వాల్చి వింటుంది కాబట్టి ఆ పేరు. దర్జీ మాత్రం "జడ్జీగారు" అనే అంటాడు, పొరపాటున కూడా ఏకవచనం వాడడు. ఆయనకి భార్య పోయి ఆరేళ్ళు. కొట్టు వెనక ఒకటే గది. అందులో రెండు పడకలు, ఒకటి ఆయనది, ఒకటి జడ్జీగారిది.

అయిదు నెలల కిందట జడ్జిని దుప్పట్లో చుట్టి ఎత్తుకొచ్చాడు. ఒంట్లోని కాపలావాళ్ళే మతి తప్పి, సొంత రక్తకణాలని శత్రువులనుకుని చంపేసే జబ్బు. మూడు వారాలు ఆసుపత్రిలోనే ఉంచారు. రోజూ పొద్దున్న డాక్టరుగారు దాని నుదుటి మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, 'స్వామీ, నాకు తెలిసింది నేను చేశాను, మిగతాది నీ భారం' అనుకునేవాడు. ఏ జంతువుకైనా ఆయన చేసే మొదటి వైద్యం అదే. జడ్జి బతికింది.

అసలు జాగ్రత్త ఆ తరవాతే. మాత్రలు నిచ్చెన దిగినట్టు దించాలి. ఒక మెట్టు దిగాలి, మూడు వారాలు ఆగాలి, రక్తం పరీక్ష చెయ్యాలి, బాగుంటేనే తరవాతి మెట్టు. ఒక్క మెట్టు కూడా దాటెయ్యకూడదని డాక్టరుగారు తన దగ్గర పనిచేసే డాక్టర్లందరికీ పదేళ్ళుగా నూరిపోస్తున్నాడు.

కానీ ఈ సభకి ముందుగానే పంపిన కాగితంలో 'మందులన్నీ మానేసినా నిలబడిన కేసు' అని రాసేశాడు. తేదీ దగ్గరపడేసరికి ఇంకా రెండు మెట్లు మిగిలాయి. అంటే ఆరు వారాలు. స్లైడు మీద మాత్రల గీత కిందికి దిగుతూ దిగుతూ వచ్చి, నేల తాకకుండా గాల్లో ఆగిపోయి ఉంది. చూడ్డానికి ఏదోలా ఉంది. రక్తం చూస్తే ఎర్రకణాలు వందకి నలభై ఒక్క పాళ్ళు ఉన్నాయి, ఆరోగ్యంగా ఉన్న కుక్కకున్నట్టే. ఏమవుతుందిలే అనుకున్నాడు. రెండు మెట్లూ ఒకేసారి దించేశాడు.

"అప్పుడే ఆపెయ్యొచ్చాండీ? ఇంకో నెల పైన పడుతుందన్నారు గదా," అని అడిగాడు దర్జీ.

"నేను చెబుతున్నానుగా," అన్నాడు డాక్టరుగారు.

గీత సున్నాకి దిగింది. స్లైడు ముచ్చటగా కుదిరింది. ప్రయాణం ముందురోజు దర్జీ కోటు తెచ్చిచ్చాడు. మాత్రలు ఆపి ఇవాళ్టికి పదకొండు రోజులైంది.

కిడ్నీ ఇంకో జోకు వెయ్యబోతుండగా ఫోను మోగింది. తొమ్మిది కూడా కాలేదు.

"డాక్టరుగారూ, పనిలో ఉన్నారేమో," అన్నాడు దర్జీ. "మన జడ్జీగారు రాత్రి నుంచి ఏమీ ముట్టలేదండీ. పొద్దున్న ఒంటికెళితే ఎర్రగా, డికాషన్ లాగా పోశారు."

డాక్టరుగారు చేతిలోని కప్పు దగ్గర్లో ఉన్న బల్ల మీద పెట్టేశాడు. "పై పెదవి ఎత్తి చిగుళ్ళు చూడండి. ఏ రంగులో ఉన్నాయి?"

కుక్కని బతిమాలుతున్న గొంతు దూరంగా వినిపించింది. "అయ్యా, ఒక్కసారి నోరు చూపించండి, డాక్టరుగారు అడుగుతున్నారు." తరవాత ఫోను దగ్గరికొచ్చి, "కోటు లోపలి లైనింగు గుడ్డలా ఉన్నాయండీ. తెల్లగా," అన్నాడు.

"వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. నేను వాళ్ళకి చెబుతాను."

"మీరెప్పుడొస్తారండీ?"

రైలు మధ్యాహ్నం ఒంటిగంటకి. ఇల్లు చేరడానికి ఆరు గంటలు. ఆ సంగతి చెప్పాడు. "అలాగేనండీ, అంతవరకూ ఆగమని చెబుతాను ఆయనకి," అన్నాడు దర్జీ.

ఆసుపత్రిలో ఉన్నది చిన్నడాక్టరమ్మ ఒక్కతే. ఊళ్ళో ఉన్న ఇలాంటి వైద్యులు నలుగురూ ఈ మూడు రోజులూ ఈ హాల్లోనే ఉన్నారు. అరగంటలో ఆమె ఫోను చేసింది. "సర్, ఎర్రకణాలు పన్నెండుకి పడిపోయాయి. కళ్ళు పచ్చబడ్డాయి. ఇంజెక్షను ఇచ్చేశాను. రక్తం ఎక్కించాలి. మనకి రక్తమిచ్చే పెద్ద కుక్క పోయిన వారమే ఇచ్చింది, దాన్ని మళ్ళీ పొడవలేం. ఏం చెయ్యమంటారు?"

డాక్టరుగారు ఇంటికి ఫోను చేశాడు. ఇంట్లో వాళ్ళు పెంచుకునే కుక్క గుండు ఉంది.

"ఏంటండీ, మీ ఉపన్యాసం అయిపోయిందా? కోటు బాగుందన్నారా?" అంది భార్య.

"మన గుండుని తీసుకుని ఆసుపత్రికి వెళ్ళు. జడ్జికి రక్తం కావాలి."

ఇంకోసారైతే వంద ప్రశ్నలు వేసేది. గొంతుని బట్టి పోల్చుకున్నట్టుంది, "చెప్పులేసుకుంటున్నాను," అని ఫోను పెట్టేసింది.

కిడ్నీ అప్పటికే లివరుని పిలుచుకొచ్చాడు. వాళ్ళ వెనకే పెద్దాయన వచ్చాడు. వీళ్ళందరికీ పాఠం చెప్పినవాడు, పొద్దుటి సభకి అధ్యక్షుడు. చిన్నడాక్టరమ్మ పంపిన ఫొటోలు చూస్తూ వరండాలో నలుగురూ ఫోను మీద వంగారు.

"ఇంకో మందు కలిపితే?" అన్నాడు కిడ్నీ. "నిన్న సాయంత్రం చెప్పారే, కొత్తగా వచ్చింది."

"అది పట్టుకోవడానికే వారం. ఈ పచ్చదనం చూస్తే వారం ఉండేట్టు లేదు," అంది లివరు.

"రక్తం ఎక్కిస్తే ఆ మాత్రం వ్యవధి దొరుకుతుందిగా."

"ఎక్కించిందాన్ని కూడా తినేస్తుందిరా అది."

అందరూ నిజమే చెప్పారు. ఈ జబ్బు గురించి తెలిసినవాళ్ళు ఇంతమంది ఇంకెక్కడా ఒకచోట దొరకరు. నాలుగు వందల మంది. ఎనిమిది వందల చేతులు. ఒక్క చెయ్యీ ఆ కుక్క మీద పడేది కాదు.

పెద్దాయన కళ్ళద్దాలు తీశాడు. "మాత్రలు ఎప్పుడు ఆపావు?"

"పదకొండు రోజులైందండీ."

"ఆపే ముందు ఎంత ఇస్తున్నావు?"

చెప్పాడు. పెద్దాయన ఆయన మొహం చూశాడు. తన చేతిలో ఉన్న కార్యక్రమం కాగితం చూసుకున్నాడు. అందులో పదకొండూ ఇరవై దగ్గర ఆ కేసు పేరు అచ్చయి ఉంది. మళ్ళీ కళ్ళద్దాలు పెట్టుకుని, "నీ వంతు తరవాతకి మార్చమంటావా?" అన్నాడు మెల్లిగా.

"ఒద్దండీ."

హాలు పక్కన మెట్ల కింద చిన్న ఖాళీ ఉంటే అక్కడికి వెళ్ళి నిలబడ్డాడు. మడత కుర్చీలు గోడకి పేర్చి ఉన్నాయి. చెయ్యి పెట్టడానికి నుదురు లేదు. ఒక కుర్చీ మీద చెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. 'నాకు తెలిసింది నేను చేశాను' అని రోజూ అనే మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. తనకి తెలిసింది తను చెయ్యలేదు. తెలిసి మరీ చెయ్యలేదు. మిగతా సగం ఏ మొహంతో అనాలి? 'జడ్జిని కాపాడు' అనుకున్నాడు. అనుకున్నాక, అడుగుతున్నది కుక్క కోసమా, స్లైడు కోసమా అని ఒక అనుమానం పట్టుకుంది. వినేవాడికి ఆ తేడా తెలియకుండా ఉంటుందా? తెలిస్తే మాత్రం, అడిగినవాడి బుద్ధి చూసి ఆ మూగజీవిని వదిలేస్తాడా? ఆయనకి పాలుపోలేదు.

పదకొండింటికి భార్య నుంచి కబురు వచ్చింది. 'గుండు రక్తం ఇచ్చింది. ఎక్కిస్తున్నారు. దర్జీగారు పక్కనే కూర్చున్నారు.'

పేరు పిలిచారు.

మొదటి పదిహేను నిమిషాలూ నోరు దానంతటదే చెప్పుకుపోయింది. చివరి స్లైడు వచ్చింది. తెర మీద నీలం గీత మెట్లు మెట్లుగా దిగి, ఆఖర్న ఒక్క దూకు దూకి నేలని తాకింది. అంత పెద్ద తెర మీద ఆ దూకు ఎవరికి కనపడదు? కోటు లోపలి జేబులో ఫోను రెండుసార్లు కదిలింది.

"ఈ గీత ఇక్కడికి రావలసింది ఇంకో నెలన్నరకి," అన్నాడు డాక్టరుగారు. "నేను ముందే దించాను. కుక్క కోసం కాదు. ఈ సభ తేదీ కోసం. ఇవాళ పొద్దున్న జబ్బు తిరగబెట్టింది. ఇప్పుడు అది ఉందో లేదో నాకు తెలీదు."

ఎవరైనా లేచి నాలుగు చీవాట్లు పెడితే బాగుండుననిపించింది. రెండో వరసలో ఒక కుర్ర డాక్టరు చెయ్యెత్తాడు.

"సర్, మీ అనుభవంలో ఆఖరి రెండు మోతాదుల మధ్య కనీసం ఎన్ని వారాలు ఆగాలంటారు?"

"మూడు," అన్నాడు.

నాలుగు వందల మందీ రాసుకున్నారు. పెద్దాయన గొంతు సవరించుకుని, "అందరికీ పనికొచ్చే పాఠం," అని, ఇంకేదో అనబోయి గడియారం చూశాడు. "సమయం అయింది." చప్పట్లు కొట్టారు. అందరికీ కొట్టినట్టే కొట్టారు. జ్ఞాపిక అందుకోవడానికి చెయ్యి చాస్తే కోటు మళ్ళీ చెవుల దాకా లేచింది.

మెట్ల కిందికొచ్చి ఫోను చేశాడు.

"ఏమండీ," అంది భార్య. ఆ ఒక్క మాటతోనే తెలిసిపోయింది. "పావుగంటైంది. రక్తం సగం ఎక్కింది. ఊపిరి ఎగదీసింది... చిన్నడాక్టరమ్మ చాలాసేపు చూసింది, పాపం. ఏడుస్తోంది. ఇదిగో, ఆయన మీతో మాట్లాడతారట."

"డాక్టరుగారూ," అన్నాడు దర్జీ. "మీ ఇంటావిడగారు, మీ గుండుగారు చాలా శ్రమపడ్డారండీ. గుండుగారి ఋణం ఉంచుకోను, చలికాలానికి ఒక కోటు కుట్టిస్తాను."

"తప్పు నాదండీ," అన్నాడు డాక్టరుగారు. "మాత్రలు తొందరపడి ఆపించాను. ఇంకా నెలన్నర వాడాల్సింది."

"ఊరుకోండి."

"నిజం చెబుతున్నాను. ఇక్కడ ఈ సభలో చూపించుకోవడానికి—"

"ఊరుకోండి బాబూ. మీ మనసు నాకు తెలీదా? ఆయనెప్పుడో పోవలసినవారు, అయిదు నెలలు నా దగ్గర ఉంచారు మీరు. మీరు ఊళ్ళో లేకపోవడం మా ఖర్మ. మీ చెయ్యి ఒక్కసారి తల మీద పడి ఉంటే లేచి కూర్చునేవారు."

"నా మాట వినండి—"

"తప్పంటే నాది," అన్నాడు దర్జీ. "మీ ప్రయాణం దగ్గర పడిందని, చివరిసారి మీకు తొడిగి చూడకుండానే కోటు పూర్తి చేసేశాను. ఇచ్చిన దగ్గర్నుంచీ మనసులో అదే పీకుతోంది. ఎడమ భుజం పట్టేస్తోంది గదండీ?"

బాగానే ఉందనడం తేలిక.

"పట్టేస్తోందండీ," అన్నాడు.

"అనుకున్నాను. రాగానే కొట్టుకి పట్టుకురండి, విప్పి మళ్ళీ కుడతాను. గుడ్డే గదా. ఉంటానండీ. ఈయన్ని ఇంటికి తీసుకెళ్ళాలి."

డాక్టరుగారు మడత కుర్చీ ఒకటి తెరుచుకుని కూర్చున్నాడు. కోటు విప్పి ఒళ్ళో పరుచుకుని, ఎడమ భుజం దగ్గర కుట్టు వెతికాడు. దర్జీ ఎక్కడ విప్పుతాడో చూద్దామని వేలితో తడుముతూ పోయాడు. కుట్లు చీమల బారులా దగ్గర దగ్గరగా, గట్టిగా ఉన్నాయి. ఒక్క దారం కొస కూడా వేలికి తగల్లేదు.

లోపల హాల్లో తరవాతి కేసుకి చప్పట్లు మొదలయ్యాయి.