పక్కలో బిడ్డ

గదిలోకి అడుగుపెట్టగానే పెద్దక్కకి ముందు కనిపించింది తమ సంస్థ పోస్టరే. తలుపు వెనక గోడకి అంటించి ఉంది. దాని కింద చాప మీద బాలింత గోడవైపు తిరిగి పడుకుంది. బిడ్డ పోయి మూడో రోజు. పాలు గడ్డకట్టి ఒళ్ళు కాలిపోతోంది. ఎవరో తడిగుడ్డ మడిచి ఆమె గుండెల మీద వేసి వెళ్ళారు.

పసిపిల్లల చావులు ఆపడానికి, బిడ్డల్ని పోగొట్టుకున్న ఇళ్ళకి తోడుగా నిలవడానికి పెట్టిన సంస్థకి పెద్దక్క కార్యదర్శి. అంతకుముందు ప్రసూతి వార్డులో నర్సు. ఎక్కడ ఇలాంటి కబురు విన్నా ముందు తనే వెళుతుంది. వెళ్ళి ఏం మాట్లాడాలో ఆమెకి ఇప్పటికీ తెలియదు. పక్కన కూర్చుంటుంది, అంతే.

ఈసారి అత్త కూర్చోనివ్వలేదు.

"మీరే రాశారట కదమ్మా," అంది పోస్టర్ వైపు చేయి చూపించి. "బిడ్డని పక్కలో వేసుకుని పడుకుంటే ప్రాణానికే ముప్పని. నాకు చదువు రాదు, మా వాడు చదివి వినిపించాడు. ఇది వింటేగా. మొద్దునిద్ర పోయింది."

గుమ్మంలో కూర్చున్న కొడుకు తలెత్తలేదు. "కారణం తెలీదన్నాడు కదమ్మా డాక్టరు," అన్నాడు మెల్లగా.

"ఆయనకి తెలీకపోతే మనకి తెలీదా?"

పెద్దక్క గదంతా కలియజూసింది. ఒక మూల పొయ్యి, ఇంకో మూల బట్టల మూటలు. మధ్యలో మిగిలిన జాగాలో రాత్రయితే ఐదుగురు పడుకోవాలి.

"మరి బిడ్డని ఎక్కడ పడుకోబెట్టేవాళ్ళు?" అని అడిగింది.

గోడవైపు తిరిగి ఉన్న కోడలే పలికింది.

"పొయ్యి మీద పడుకోబెట్టమంటారా?" గొంతు బొంగురుపోయి ఉంది. "ఆ రోజు పొద్దుటి నుంచీ నిలబడి దుప్పట్లు ఇస్త్రీ చేసొచ్చాను. లాండ్రీలో కూర్చోనివ్వరు. పాలిస్తూ పాలిస్తూ కన్ను మూతపడింది. పక్కలో వేసుకోవాలని వేసుకోలేదండీ."

"నెల తిరక్కుండానే పనికెందుకు వెళ్ళావు తల్లీ?"

"రాకపోతే ఇంకొకళ్ళని పెట్టుకుంటామన్నారు."

ఏ లాండ్రీ అని అడిగితే చెప్పింది. అది తమ సంస్థ ఛైర్మన్ గారి లాండ్రీ.

"నేనే పొమ్మన్నాను," అంది అత్త ఉన్నట్టుండి. "పని పోతే మళ్ళీ దొరకదని నేనే లేపి పంపాను." ఆ మాటతో చేత్తో నోరు మూసుకుని కూలబడిపోయింది.

పెద్దక్క చేతులు కడుక్కుని బాలింతని లేపి కూర్చోబెట్టింది. నొప్పి తగ్గేలా పాలు ఎలా పిండుకోవాలో చూపించింది. జ్వరం ఉంది కాబట్టి ఇప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్ళమని భర్తకి చెప్పింది. లేచేముందు అత్త చేయి పట్టుకుంది.

"అది రాసింది నేనేనమ్మా. రాసింది అబద్ధం కాదు. కానీ ఈ పిల్ల బిడ్డని చంపుకుందని మాత్రం నేను రాయలేదు."

సాయంత్రం కమిటీ సమావేశం. బల్ల మీద కొత్త పోస్టరు నమూనా ఉంది. పెద్దక్క రాసిన వాక్యం పోయి, ఎర్రటి అక్షరాల్లో 'తల్లి నిర్లక్ష్యమే బిడ్డకి మృత్యువు' అని వచ్చింది.

"మెత్తగా చెబితే ఎవరు వింటున్నారు పెద్దక్కా? కాస్త భయం ఉండాలి," అన్నారు ఛైర్మన్ గారు.

ఆమె మధ్యాహ్నం చూసిందంతా చెప్పింది. లాండ్రీ మాట కూడా దాచలేదు. టీ వస్తే తప్ప కళ్ళు తెరవని కోశాధికారి, టీ రాకుండానే కళ్ళు తెరిచాడు.

"మేం ఎవరినీ బలవంతపెట్టం. రావాలనుకున్నవాళ్ళు వస్తారు," అన్నారు ఛైర్మన్ గారు. "సంస్థ వేరు, వ్యాపారం వేరు. రెండూ కలపకండి."

"నేను కలపలేదండీ. ఆ పిల్ల ఒళ్ళో అవి ఎప్పుడో కలిశాయి."

ఆయన నమూనాని ఆమె ముందుకి జరిపారు, సంతకానికి. పెద్దక్క పెన్ను ముట్టుకోలేదు.

"మీ మనవడు పోయినప్పుడు ప్రసూతి వార్డులో డ్యూటీలో నేనే ఉన్నాను. వాడికి వేరే గది, వేరే ఉయ్యాల, పక్కనే ఆయా. అయినా పోయాడు. ఆ దుఃఖంతోనే మీరు ఈ సంస్థ పెట్టారు. ఆ రోజు మీ కోడలిది నిర్లక్ష్యమని ఎవరైనా అన్నారా?"

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. కళ్ళు తుడుచుకోలేదు, తడి మాత్రం అందరికీ కనిపించింది.

"ఆ మాట ఎత్తకుండా ఉండాల్సింది," అన్నారు. గొంతులో కోపం లేదు. అందుకే పెద్దక్కకి భయం వేసింది.

"దీని మీద మాత్రం నేను సంతకం పెట్టనండీ."

"అయితే ఆ కుర్చీలో ఎందుకు ఉండాలో మీరే ఆలోచించుకోండి."

"రాజీనామా రాయను. తీసెయ్యాలనుకుంటే మీరే తీసెయ్యండి. అందాకా నేను కార్యదర్శినే. రేపు మీ లాండ్రీకి వస్తాను, ఎంతమంది బాలింతలు పనిచేస్తున్నారో కనుక్కోడానికి. అది మన సంస్థ పనే."

ఆమె లేచి చెప్పులు వేసుకుని బయటికి నడిచింది.

మర్నాడు లాండ్రీ గేటు దగ్గర కాపలావాడు అడ్డం నిలబడ్డాడు. "మిమ్మల్ని లోపలికి పంపొద్దన్నారమ్మా. నన్నేం చెయ్యమంటారు?" అన్నాడు నేలచూపులు చూస్తూ. వాడితో గొడవపడి లాభం లేదు. పెద్దక్క రోడ్డుకి అవతల నిలబడింది.

షిఫ్టు దిగింది. ఆవిరికి ఉబ్బిన మొహాలతో ఆడవాళ్ళు గుంపుగా బయటికి వచ్చారు. అప్పటికే సంగతి పాకినట్టుంది. ఆమెని చూసినవాళ్ళు చూడనట్టే తలలు దించుకుని నడిచారు. పెద్దక్క ఒక్కొక్కరినీ పలకరించింది. ఎవరూ ఆగలేదు.

అందరికన్నా వెనక ఒక పిల్ల, నడుం పట్టుకుని మెల్లగా నడిచి వస్తోంది.

"ఇంట్లో బిడ్డ ఎన్నాళ్ళదమ్మా?"

ఆ పిల్ల నిలబడిపోయింది. వెనక్కి తిరిగి గేటు వైపు చూసింది. సూపర్వైజరు బయటికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఏయ్, నడు," అన్నాడు.

ఆ పిల్ల నడవలేదు. రోడ్డు మధ్యలో, ఇద్దరికీ నడుమ, అలాగే నిలబడి ఉంది.