అడ్డం తిరిగిన సాక్షులు

ఈ కోర్టులో సాక్షి అడ్డం తిరిగితే నిజంగానే అడ్డం తిరుగుతుంది. ముందు బోనెక్కిన ముగ్గురమ్మాయిలూ "ఈమెవరో మాకు తెలీదు" అంటూ అంటూ పక్కకు తిరిగి, రేషన్ కార్డు అంచంత సన్నగా మిగిలిపోయారు. బంట్రోతు వాళ్ళను నలగకుండా ఎత్తి గోడకు ఆనిస్తున్నాడు.

ఇప్పుడు కుళ్ళాయమ్మ వంతు. తనూ తిరిగిపోతే కేసు కొట్టేస్తారు, ఊరంతా పిన్నమ్మ అని పిలిచే ముద్దాయి సాయంత్రం బస్సుకే ఊరు చేరుతుంది. ఇంటి దగ్గర చెల్లెలు అంజినమ్మ ఒక్కతే ఉంది.

"అన్నం తింటివా బంగారూ? మొగం పీక్కపాయనే," అంటుంది ముద్దాయి బోనులోంచి పిన్నమ్మ.

కుళ్ళాయమ్మ ఎడమ భుజం అటు తిరుగుతుంది. పెద్దవాళ్ళు పలకరిస్తే పలకడం ఆ భుజానికి చిన్నప్పటి అలవాటు మరి, కేసు సంగతి దానికేం తెలుసు!

"ఆ బోనులో ఉన్నదెవరు?" అని అడుగుతుంది ప్రభుత్వ లాయరు వహీదా మేడం.

"పిన్నమ్మ."

నడుము కూడా తిరుగుతుంది.

ముద్దాయి తరఫు లాయరు లేస్తాడు. "పిన్నమ్మంటే తల్లి తర్వాత తల్లి. తల్లి కూతుర్ని వెంటబెట్టుకు పోతే దాన్ని ప్రయాణం అంటారు సార్, నేరం అనరు."

జడ్జిగారు తలాడిస్తారు. మాట సబబుగానే ఉంది.

"పేరు చెప్పు తల్లీ," అని మేడం గుసగుసలాడుతుంది. "చార్జిషీటులోనూ పిన్నమ్మ అనే ఉంది."

"పెద్దోళ్ళను పేరు పెట్టి పిలవగూడదు గదా మేడం. మేమెవురమూ అడగల్యా."

ఊరు ఊరంతా చేసిన తప్పది. మర్యాదకు పోయి ఎవరూ ఆమె పేరు అడగలేదు.

కుళ్ళాయమ్మ ముఖం సగం తిరిగిపోయింది. ఒక కంటికి గోడ తప్ప ఏమీ కనబడదు. నోరు తెరుస్తుంది. "అమ్మ..."

దవడ బిగుసుకుపోతుంది. టైపిస్టు 'అమ్మ' అని కొట్టి ఆగుతాడు.

"చెప్పు తల్లీ," అని పిన్నమ్మ పలుకుతుంది.

"అమ్మ అని ఒప్పుకుంది, రాసుకోండి!" అంటాడు లాయరు.

మిగిలిన సగం నోటితో కుళ్ళాయమ్మ అరుస్తుంది.

"అమ్మ గాదు సార్, అమ్మింది! నన్ను పూణేలో అమ్మిన మనిషి!"

నడుము కిర్రుమంటుంది. భుజం, ముఖం ఎదురుకు వస్తాయి. టైపిస్టు ఆ మాట పూర్తి చేస్తాడు.

పిన్నమ్మకు కోపం రాదు. బొడ్లో దోపిన కొంగుముడి విప్పుతుంది. అందులోంచి పూణే రైలు వస్తుంది. జడ్జిగారు కాళ్ళు పైకి పెట్టుకుని దారిస్తారు.

రైలు సాక్షి బోను ముందు ఆగుతుంది. కిటికీలన్నిటా అమ్మాయిలు తలలు దువ్వుకుంటున్నారు.

"అక్కా, మా ఊరొచ్చెనా?" అని అడుగుతుంది తలుపు దగ్గరి పిల్ల.

అక్కా అన్న పిలుపుకు కుళ్ళాయమ్మ భుజం మళ్ళీ కదులుతుంది. అయినా పలుకుతుంది. "దిగండే, బిన్నా దిగండి, రైలు కదుల్తాది!"

"దిగేకి నేల లేదక్కా."

నిజమే. రైలు కింద కోర్టు లేదు, ఏమీ లేదు. కుళ్ళాయమ్మ చేతులు రెండూ చాపి, అరచేతులు పరుస్తుంది. అవి వెడల్పవుతాయి.

ఆ పిల్ల గడప దగ్గర విప్పినట్టు చెప్పులు విప్పి, కుడికాలు ముందుగా ఆమె అరచేతిలో పెడుతుంది.