స్టమాటిస్ తోటలో వడగాలి

పీకేసిన యంత్రం మళ్ళీ కొలతలు పంపుతోంది.

మహీధర్ కళ్ళు నులుముకుని తెర వంక చూశాడు. చాంగీ బిజినెస్ పార్క్‌లోని ఆఫీసు అద్దాల బయట వాన దంచికొడుతోంది. తెర మీద మాత్రం గ్రీసు ఎండ. గ్రీసులోని నవూసా నుంచి సైప్రస్ దాకా వైన్ ద్రాక్ష తోటల్లో పాతిన వాతావరణ యంత్రాలు గంటకోసారి పంపే కొలతలన్నీ ఈ ఆఫీసుకే చేరతాయి. నవూసాలో వాన ఎక్కువై గుత్తికి బూజు పట్టినా, సైప్రస్‌లో చినుకు లేక పండు వడలినా ముందు తెలిసేది ఇక్కడే. ఎప్పుడు కోయాలో, ఎప్పుడు ఆపాలో రైతుల ఫోన్లకు మెసేజ్ వెళ్ళేదీ ఇక్కణ్ణుంచే. సాఫ్ట్‌వేర్ ఉప్పెనలా పొంగుతున్న రోజులవి. ద్రాక్షగుత్తికి కూడా ఓ ప్రోగ్రామ్ రాసేశారు.

శాంటోరిని దీవిలో ఇవాళ కోత. దీవిలోని యంత్రాలన్నీ ఇరవై తొమ్మిది డిగ్రీలంటున్నాయి. పద్నాలుగో నంబరు ఒక్కటే ముప్పై తొమ్మిది అంటోంది.

ఆ యంత్రాన్ని పోయిన చలికాలంలోనే తీసేశారు. అది ఉన్న తోట స్టమాటిస్ అనే ముసలాయనది. కిందటేడు కోత రోజున వడదెబ్బ తగిలి ఆ తోటలోనే ప్రాణం వదిలాడు. అక్కడ ద్రాక్షతీగల్ని పందిరెక్కించరు. ఈదురుగాలికి నిలవవని బుట్టల్లా చుట్టి నేల మీదే పెంచుతారు. ఆ బుట్టల మధ్య పడ్డ మనిషి గట్టు మీంచి చూస్తే కనపడడు. స్టమాటిస్ సాయంత్రం దాకా ఎవరికీ కనపడలేదు.

"కీర్తికా, ఒకసారి ఇటు రండి."

టీమ్ లీడ్ కీర్తిక కాఫీ కప్పుతో వచ్చింది. పుట్టి పెరిగింది ఇక్కడే, బెడోక్‌లో; మాట చివర 'లా' తగిలించడం ఈ ఊరి అలవాటు. ముత్తాతల నాడే విశాఖలో ఓడెక్కి ఇక్కడికొచ్చిన కుటుంబం.

"ఏంటి మహీ, మళ్ళీ సర్వర్ పడుకుందా?"

"పద్నాలుగు నుంచి రీడింగ్ వస్తోంది."

"అది పీకేశాం లా! ఏదో ఓల్డ్ డేటా తిరుగుతోంది. ఫిల్టర్ ఉందిగా, పడేస్తుంది."

ఆ మాటే మహీధర్‌ని కుదిపింది. చుట్టుపక్కల వాటితో పొసగని కొలతను ఫిల్టర్ చెత్తలో వేస్తుంది. పదిమంది ఒకటంటే ఒంటరివాడు అబద్ధాలకోరు. ఆ ప్రోగ్రామ్ నీతి అంతే. కిందటేడు దక్షిణపు వడగాలి ముందుగా తాకింది స్టమాటిస్ తోటనే. మిగతా తోటల మీద అప్పటికింకా సముద్రపు చల్లగాలి. పద్నాలుగు ఒక్కటే వేడని మొత్తుకుంది. ఫిల్టర్ దాని నోరు నొక్కింది. కోత సాగించవచ్చని మెసేజ్ వెళ్ళింది.

"పాత డేటాతో పోల్చి చూశాను, ఇది వేరు. పైగా నిమిషానికోసారి వస్తోంది. చూడండి, ముప్పై తొమ్మిదిన్నర... నలభై..."

గాలి వేడి అలా ఎక్కదు. పోయిన వారం సెంగ్‌కాంగ్ ఫ్లాట్‌లో పాపకు జ్వరం వస్తే థర్మామీటర్ పట్టుకు కూర్చున్నాడు. అది అచ్చం ఇలాగే ఎక్కింది.

"ఇది ఒంటి వేడి. అక్కడ ఎవరో పడిపోయి ఉన్నారు."

"పిచ్చా నీకు? కోత ఆపించాక తీరా అక్కడ ఏమీ లేకపోతే? క్లయింట్ పోతాడు, నీ వర్క్ పాస్ రెన్యువల్ కూడా పోతుంది. లేని మెషీన్ చెప్పిందని రిపోర్ట్‌లో రాస్తావా?"

మహీధర్ అప్పటికే ఫోన్ అందుకున్నాడు. అక్కడి రైతుసంఘం పెద్ద ఎలెనీ, స్టమాటిస్ కూతురే. ఇంగ్లీషులో గబగబా అడిగాడు.

"మీ నాన్నగారి తోటలో ఎవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరే. ఈ ఏడు ఆ తోట కోయడం లేదు. గాలి చల్లగానే ఉంది. కోతకు బాగుందని మీ మెసేజ్ కూడా వచ్చింది."

"దాన్ని నమ్మకండి."

కీర్తిక తల పట్టుకుంది.

"ఎలెనీ గారూ, బుట్టల మధ్యకి దిగి వెతకండి. గట్టు మీంచి చూస్తే కనపడరు."

"ఆ సంగతి నాకు చెబుతున్నారా?" అంది ఎలెనీ. తర్వాత కంకర మీద అడుగుల చప్పుడు, ఆయాసం. ఉన్నట్టుండి ఫోన్‌లో గాలి హోరెత్తింది.

"అమ్మో, ఈ వాలు మీద నిప్పు కురుస్తోంది!"

తెర మీద నలభై ఒకటి. ఫోన్‌లో ఓ కేక. ఆ తర్వాత గ్రీకులో అరుపులు, నీళ్ళు కుమ్మరిస్తున్న చప్పుడు. పద్నాలుగు అరడిగ్రీ దిగింది. ఇంకో అర దిగింది. కీర్తిక పక్క కీబోర్డు ముందు కూర్చుని, కోత ఆపమని దీవి మొత్తానికీ మెసేజ్ కొట్టింది. కాసేపటికి వడగాలి తాకి, తెర మీద మిగతా యంత్రాలూ ఒక్కొక్కటే ఎర్రబడ్డాయి.

ఎలెనీ మళ్ళీ ఫోన్ చేసేసరికి బయట వాన తెరిపిచ్చింది.

"అర్బెన్ అని, అల్బేనియా నుంచి కూలికొచ్చిన కుర్రాడు. బతికాడు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. మిగతావాళ్ళందరూ ఇళ్ళకు చేరారు. ఆ తోటలోకి ఎందుకెళ్ళావురా అని అడిగాను. కోసిన ద్రాక్ష బుట్ట ఎత్తడానికి సాయం పట్టమని ఓ ముసలాయన పిలిచాడట."

మహీధర్ ఫోన్ పెట్టేశాడు. పద్నాలుగులోంచి కబురంపి కుర్రాణ్ణి బతికించినవాడూ, అసలు ఆ తోటలోకి పిలిచినవాడూ ఒక్కడేనా, ఆ స్టమాటిసేనా?

కీర్తిక తెర వంకే చూస్తోంది. కుర్రాణ్ణి తోటలోంచి తీసుకుపోయినా పద్నాలుగు ఆగలేదు. బతికున్న మనిషి ఒంటి వేడిలా ముప్పై ఏడు దగ్గర నిలబడి నిమిషానికోసారి పలుకుతూనే ఉంది.

"మహీ, దీన్ని డిలీట్ చేసేయనా?" గుసగుసగా అడిగింది.

"వద్దు. ఫిల్టర్ తీసేయండి," అన్నాడు మహీధర్, కుర్చీ ముందుకు లాక్కుంటూ. "రేపూ కోత ఉంది."